ఇట్టో ఎరుపు

మరాకేష్‌లో జరిగే తివాచీల ప్రదర్శనకు గోడపత్రిక మీద వేయడానికి మా సంఘం ఆడవాళ్లు నా భార్య ఇట్టో నేసిన తివాచీని ఎంచుకున్నారు. ఫోటో సాయంత్రంలోగా పంపాలి. సంఘం గదిలో పాత పెట్టెలాంటి కంప్యూటర్ తెర ఉంది. దాని పని మా అమ్మాయి తూదా చూస్తుంది.

ఫోటో తెరవగానే అందరూ ముందుకు వంగారు. తివాచీ ఒక మూల ఎరుపు ఊదాగా, కమిలిన చర్మంలా కనిపించింది.

"ఏంటి వదినా, ఈసారి రంగులో మంజిష్ఠ వేరు తక్కువేశావా?" అంది నా చెల్లెలు రఖియా.

ఇట్టో ముఖం మాడిపోయింది. "నా చేత్తో ఉడకబెట్టిన రంగే అది. తివాచీ నీ ఎదురుగానే ఉంది కదా, కళ్లు తెరిచి చూడు."

"తివాచీని పంపట్లేదుగా, ఫోటోనే కదా పంపేది! ఆ మూలకి కాస్త ఎరుపు పూసి పంపెయ్ తూదా."

"పూస్తే అచ్చులో అక్కడ మంటలా వస్తుంది అత్తా. రోగం ఎవరికో తెలియకుండా మందెయ్యకూడదు."

తూదా తెర వెనక ఉన్న తీగ బిగించింది. మార్పు లేదు. ఫోటోను పక్కకు జరిపింది. తివాచీ జరిగింది గానీ, ఊదా మచ్చ ఉన్నచోటే ఉండిపోయింది. తెల్లటి ఖాళీ పేజీ తెరిచింది. అదే మూలలో ఊదా, దాని పక్కన పచ్చటి నీడ.

"ఫోటోలో తప్పులేదమ్మా. తెరకే ఏదో పట్టింది."

తెరను ఆనుకుని రేకు బీరువా ఉంది. దాని సందులోకి చెయ్యి పెట్టి వెతికింది. ఫాతిమా హస్తం అనే ఇత్తడి అరచేతి బొమ్మ ఒకటి ఊడి వచ్చింది. వెనక నల్లటి అయస్కాంతం.

"ఇదెవరు పెట్టారు?"

ఇట్టో తల దించుకుంది. "నేనేనే. పక్క ఊరి వాళ్లొచ్చి ఈ మిషన్‌ని ఎలా చూసి వెళ్లారో నీకు తెలీదు. దిష్టి తగలకూడదని."

రఖియాకు నవ్వు ఆగక, తాగుతున్న టీ నోట్లోంచి చిమ్మింది. ముసుగంతా తడిసింది.

హస్తం తీసినా మచ్చ పూర్తిగా పోలేదు. తెరకు పట్టిన అయస్కాంతపు గుణాన్ని వదిలించే ఏర్పాటు ఆ పెట్టెలోనే ఉందట. తూదా మీట నొక్కింది. తెర ఒక్కసారి గుమ్మని వణికింది. మచ్చ పోయింది. మూల నుంచి మూలకు ఒకటే ఎరుపు. తూదా ఆ ఫోటోను ఏమీ మార్చకుండా పంపింది.

చీకటి పడకముందే అచ్చు వేసేవాడు ఫోన్ చేశాడు. "ఎరుపు మరీ ఎక్కువుంది, కాస్త తగ్గించమంటారా?"

"వద్దు. అది మా అమ్మ ఎరుపు. అలాగే వెయ్యండి," అంది తూదా.

ఇట్టో రఖియా వైపు చూసింది. రఖియా తన గాజుగ్లాసు పక్కన పెట్టి, "విన్నాంలే వదినా," అంది.

మర్నాడు నేను మా గొర్రెల్ని రోజూ తోలే వాగు దారిన కాకుండా, నలుగురూ ఇట్టో తివాచీ గురించి పలకరించేలా బజారు మీదుగా తోలుకెళ్లాను.