గుండుబాబు అడిగిన ప్రశ్న

మా ప్రయోగశాలలో ఉన్న మరమనిషికి బోడిగుండు, పెద్ద కళ్లు. అందుకే గుండుబాబు అని పిలుచుకుంటాం. వచ్చినవాళ్లు అది తనంతట తానే మాట్లాడుతుందని నమ్ముతారు. అంతా ఉత్తిదే. పక్కగదిలో కెమెరా తెర ముందు కూర్చుని నేను టైపు చేస్తే అది పలుకుతుంది. సాటి మనిషికి చెప్పలేనిది జనం యంత్రానికి చెప్తారా అన్నది మా మేడం పరిశోధన. భేషుగ్గా చెప్తారు. రెండేళ్లుగా వినీ వినీ నాకు మనుషుల మీద నమ్మకం సగం పోయింది.

నియమాలు రెండే. ఎదుట కూర్చున్నవాళ్లు చెప్పనిది గుండుబాబుకి తెలియకూడదు. మనకు తెలిసినవాళ్లు వస్తే కుర్చీలోంచి లేచి ఇంకొకరిని కూర్చోబెట్టాలి.

ఆ రోజు పదకొండింటికి వచ్చిన పదిహేడో నంబరు మా అక్క.

నేను లేవలేదు. మూడేళ్లుగా నాతో మాట్లాడని మనిషి ఆ బొమ్మతో ఏం మాట్లాడుతుందో వినాలనిపించింది. దుర్బుద్ధే, ఒప్పుకుంటాను.

మా అమ్మకి మతిమరుపు జబ్బు. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం గేటు తీసి ఉంటే వీధిలోకి వెళ్లిపోయింది. బండి గుద్దింది. వారం తిరక్కుండానే పోయింది. ఆఖరున బయటికి వెళ్లింది నేనే కాబట్టి గడియ పెట్టనిది నేనేనని ఇంట్లో తేల్చేశారు. పెట్టానని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. నాన్న నా మొహం చూడటం మానేశాడు. అంతకన్నా ఘోరం, రానురాను నాకే అనుమానం పట్టుకుంది. గడియ చప్పుడు విన్నట్టే గుర్తు. కానీ మనిషి జ్ఞాపకం ఎంత మాయదారిదో ఈ ఉద్యోగంలో రోజూ చూస్తున్నాను కదా.

ఎవరికీ చెప్పని విషయం ఏదైనా ఉందా అని గుండుబాబు అడిగాడు. అందరినీ అడిగే ప్రశ్నే అది.

అక్క వేలి ఉంగరం తిప్పుకోవడం మొదలుపెట్టింది. తన వల్ల ఇంట్లో ఒక పొరపాటు జరిగిందనీ, నింద ఇంకొకరి మీద పడిందనీ, తను నోరు విప్పలేదనీ మెల్లగా చెప్పింది. ఏ పొరపాటో, ఎవరి మీద నిందో చెప్పలేదు.

'ఇంకొంచెం చెప్పండి' అన్న బటన్ నొక్కితే సరిపోయేది. చేతులు ఆగితేనా? గబగబా టైపు చేసేశాను.

"మీ చెల్లెలికి ఎందుకు చెప్పలేదు?"

గుండుబాబు తన తియ్యని గొంతుతో ఆ మాట పలికాక గానీ నా నిర్వాకం నాకు తెలిసిరాలేదు.

ఉంగరం తిప్పడం ఆగిపోయింది. "చెల్లెలని నేను చెప్పలేదే," అంది అక్క. గది నాలుగు మూలలూ చూసి, చివరికి కెమెరా వైపు తిరిగింది. ఇప్పుడు లేచి వెళ్లిపోయిందంటే ఆ గడియ సంగతి ఈ జన్మకి నాకు తెలియదు.

"నువ్వేనా?" అంది.

తప్పించుకోవడానికి నా దగ్గర నలభై జవాబులు సిద్ధంగా ఉన్నాయి. తల ఊపే బటన్ నొక్కాను. గుండుబాబు బుద్ధిగా తల ఊపాడు.

అక్క కదల్లేదు. "నువ్వు గడియ పెట్టే వెళ్లావు. పక్కింటావిడ పిలిస్తే నేనే తీసి వెళ్లాను. కబుర్లలో పడి మళ్లీ వెయ్యలేదు," అంది.

నేను బల్ల మీద తల వాల్చి భోరున ఏడ్చాను. మూడేళ్లు నన్ను నేనే దోషిని చేసుకున్నాను.

తర్వాత మేడంకి అంతా చెప్పి చీవాట్లు తిన్నాను. సొంత అక్కతో గుండుబాబుని మాట్లాడించినందుకు ఆ రికార్డింగు చెల్లదంటూ ఆవిడ అక్కడికక్కడే చెరిపేసింది. ఇక ఆ మాటకి సాక్షిని నేనొక్కదాన్నే. నా మాట ఆ ఇంట్లో ఎవరు నమ్ముతారు?

అక్క ఇంకా వరండాలోనే ఉంది. నాన్నకి ఇప్పుడే, నా ఎదుటే చెప్పమన్నాను. ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. "చెప్పమ్మా," అన్న నాన్న గొంతు మూడేళ్లకి విన్నాను. అక్క నోరు తెరిచింది గానీ మాట పెగల్లేదు. బొమ్మ ముందు చెప్పినంత తేలిక కాదు మరి. నువ్వు చెప్పు అన్నట్టు ఫోను నా వైపు చాచింది.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

నాన్న రెండుసార్లు హలో హలో అన్నాడు. అక్క ఫోను వెనక్కి తీసుకుంది.

"నాన్నా, చెల్లి నా పక్కనే ఉంది. పెట్టెయ్యకు. ఆ రోజు గేటు తీసింది నేను."