పలావ్ అభ్యంతరం

కెరోలిన్ ముందున్న అట్టముక్క మీద 'పలావ్' అని రాసి ఉంది. అది పసిఫిక్ మహాసముద్రంలో ఒక చిన్న దీవుల దేశం. పొద్దుటి నుంచి ఆమె అట్ట అంచును గోటితో గీకుతూనే ఉంది. ఒక మూల చీలికలైపోయింది.

"ఏం పలావ్, పెరుగుచట్నీ తేలేదా?" అని వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు. కెరోలిన్ తిరిగి చూడలేదు.

గోదావరిఖనిలోని ఆ జూనియర్ కాలేజీ హాల్లో ఆ రోజు సముద్ర చట్టాల మీద ఉత్తుత్తి సభ. ఒక్కో విద్యార్థి ఒక్కో దేశం. ఏ దేశానికీ చెందని నడిసముద్రంలో, అడుగున ఉన్న ఖనిజాలు ఎలా తవ్వాలో తీర్మానించాలి. ఓట్లు ఉండవు. అధ్యక్షుడు చదివి వినిపించాక ఎవరూ లేవకపోతే అందరూ ఒప్పుకున్నట్టే.

"నేను మాట్లాడకుంటే ఏమైతది సార్?" అని కెరోలిన్ ముందే అడిగింది.

"ఏం గాదు బిడ్డా. ఒప్పుకున్నట్టు ఐతది," అన్నాడు అధ్యక్షుడిగా కూర్చున్న నర్సింగం సార్.

ఆ మాటే అప్పటి నుంచి తొలుస్తోంది. తీర్మానం రాసింది ఇండియా తరఫున అర్సలాన్. తడుముకోకుండా మాట్లాడతాడు. చుట్టుపక్కల దేశాలకు ముందుగా తెలియజేసి తవ్వకాలు మొదలుపెట్టవచ్చని రాశాడు. సార్ ఆ వాక్యం చదివినప్పుడు కెరోలిన్ చెయ్యి రెండుసార్లు బల్ల మీద నుంచి లేచి మళ్లీ ఒళ్లో పడింది. సార్ చదవడం పూర్తిచేశాడు.

"ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేవండి."

అప్పుడే దూరంగా ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో, పేలుడుకు ముందు కొట్టే బ్లాస్టింగ్ సైరన్ మోగింది.

కెరోలిన్ లేచి నిలబడింది.

ఆమె ఏమీ ఆలోచించలేదు. కమాన్‌పూర్ దగ్గర వాళ్ల ఊళ్లో ఆ సైరన్ వినపడితే పేలుడు అదురుకు ఇల్లు కూలుతుందేమోనని, చేతిలో ముద్ద ఉన్నా సరే అందరూ కప్పు కింద నుంచి బయటికి వస్తారు. నానమ్మ సారవ్వ పొయ్యి మీది కూర దించి మరీ వాకిట్లోకి వస్తుంది. ఊరి బడిలోనూ అంతే. హాల్లో మిగతావాళ్లు గని కాలనీ పిల్లలు, వాళ్ల క్వార్టర్లు తవ్వకానికి దూరం. వాళ్లు కదల్లేదు.

"పలావ్‌కు అభ్యంతరం ఉంది," అన్నాడు సార్, పెన్ను మూత తీస్తూ. "చెప్పు బిడ్డా."

"సార్, సైరన్..."

హాలంతా నవ్వింది. "ఇక్కడిదాక రాళ్లు రావు గని, కూసో," అన్నాడు అర్సలాన్.

కూర్చుంటే తీర్మానం అయిపోతుంది. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"ఆ సైరన్ గురించే చెప్తున్న. మా ఊర్లె సైరన్ కొడ్తరు, మేం బయటికొస్తం. అది చెప్పుడు. అడుగుడు గాదు గద. నీ కాగితంల గూడ చెప్పుడే ఉన్నది."

"సముద్రం కింద ఇండ్లున్నయా? ఎవల్ని అడగాలె?" అన్నాడు అర్సలాన్.

"పక్కన దీవులల్ల మేం ఉన్నం."

అంతలో బ్లాస్టింగ్ అయింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. సార్ ముందున్న గ్లాసులో నీళ్లు వణికాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మీ ఇద్దరు బయట మాట్లాడుకొని రాండ్రి," అన్నాడు సార్.

వరండాలో అర్సలాన్ సమోసా పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. "చూడు కెరోలిన్, ఇండియాకు గూడ ఇజ్జత్ ఉంటది. 'తెలియజేసి' తీసేసి 'సంప్రదించి' అని పెడ్త. ఖుషీయేనా?"

"సంప్రదించినంక మేం వద్దంటే?"

"ఎందుకంటరు? ఫికర్ జెయ్యకు."

"అంటే?"

"అంటే... అప్పుడు చూద్దాం తియ్."

సమోసా వేడిగానే ఉంది గానీ ఆమెకు తినబుద్ధి కాలేదు.

లోపల అందరూ అప్పటికే సంచులు సర్దుకుంటున్నారు. "జల్ది కానియ్యుండ్రి సార్, పలావ్‌కు కమాన్‌పూర్ బస్సు పోతది," అన్నారు వెనక నుంచి. అది నిజమే. ఆ బస్సు పోతే మళ్లీ చీకటి పడ్డాకే.

అర్సలాన్ మార్చిన వాక్యాన్ని సార్ చదివాడు. 'సంప్రదించి' అన్న చోట ఆగి కెరోలిన్ వైపు చూశాడు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేవండి."

బయట ఏ చప్పుడూ లేదు. అర్సలాన్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

కెరోలిన్ సమోసా పొట్లం పక్కన పెట్టి లేచి నిలబడింది.

నర్సింగం సార్ మళ్లీ పెన్ను మూత తీశాడు.