పునరుక్తి దోషం

తెలుగు పండితుడు వెంకటనారాయణ ఎర్రసిరా కలం మూత తీసి, కాగితం మీది మొదటి అక్షరం నెత్తిన గురువు గుర్తు పెట్టాడు.

రాలె రాలె రాలె రాత్రంత చడిలేక
ఇప్ప పువ్వు రాలె నిసుక మీద

పైన మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. కింద అయిదూ సూర్యగణాలే. మిగతా రెండు పాదాలూ అలాగే. ఆటవెలది. రాసింది బడి అటెండరు హాతీరాం, ఏడో తరగతి దాటని మనిషి. పొద్దున హాజరుపట్టీలతో పాటు తెచ్చి, "మన బడి పుస్తకంల ఏస్తరేమో సూడుండ్రి సార్" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎనభై ఆరు మార్చిలో బడికి పాతికేళ్లు నిండుతున్నాయని ఆ పుస్తకం వేస్తున్నారు; రచనలు ఏరేది పండితుడే.

అడవి అంచున ఉన్న ఆ బడిలో వెంకటనారాయణకు ఇరవై రెండేళ్ల సర్వీసు. బట్టతల, చొక్కా జేబుకు ఆరని సిరామరక. వాన మీద, గోదావరి మీద నాలుగు వందల పద్యాలు రాశాడు. ఒక్కదానిలోనూ గణం తప్పదు. ఒక్కటీ ఎవరి నోటా నిలవలేదు.

రెండో పాదంలో తప్పు దొరికిందనుకున్నాడు. ‘ఇ’కి ‘ని’ ఏం యతి? కొట్టబోతూ పదం విడదీశాడు: రాలెన్, ఇసుక. ‘ని’లో ‘ఇ’ దాక్కుని ఉంది. ప్రాస పట్టుకుందామంటే ఆటవెలదికి ఆ నియమమే లేదు. అన్నం గిన్నె మూత తీయకుండానే మధ్యాహ్నం గడిచింది. పెదవులు మాత్రం ఆయనకు తెలియకుండా ఆ పాదాన్నే నెమరేస్తున్నాయి.

చివరికి నాలుగు ‘రాలె’ల కిందా గీతలు గీసి, ‘పునరుక్తి దోషం’ అని రాశాడు. భావం కోసం చేసిన పునరుక్తి దోషం కాదని పదో తరగతికి ఏటా చెప్పేది ఆయనే.

మూడింటికి హాతీరాం మంచినీళ్లు తెచ్చాడు.

"రాలె నాలుగుసార్లు వచ్చిందయ్యా. ఒకసారి చెబితే చాలదూ?"

"ఒక్క పువ్వయితే ఒక్కసారి రాలుతది సార్. రాత్రంత రాలుతనే ఉంటయి గద."

పండితుడు కాగితం అతని వైపు తోశాడు. "శాస్త్రం ఒప్పుకోదు," అన్నాడు.

"మీరు జెప్తే గంతే సార్." హాతీరాం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పుస్తకంలో ఆ పద్యానికి దక్కాల్సిన పేజీలో తన గోదావరి పద్యం పెట్టి వెంకటనారాయణ ఫైలు హెడ్మాస్టరుకు అప్పగించాడు.

హాతీరాంకు అంతకుముందే మధిరకు బదిలీ అయింది. ఈ బడిలో ఆ రోజే ఆఖరు. అయిదింటి ఖమ్మం బస్సుకు పోతూ పండితుడి కాళ్లకు మొక్కాడు. ‘నీకెవరు నేర్పారు?’ అని అడగబోయాడు పండితుడు. ‘జాగ్రత్తగా వెళ్లు,’ అన్నాడు. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

తిరిగి వస్తుంటే పదో తరగతి తలుపు పక్కన అటెండరు స్టూలు ఖాళీగా కనిపించింది. లోపల చెప్పే పాఠం ప్రతి మాటా అక్కడికి వినబడుతుంది. వెంకటనారాయణ వంగి చూశాడు. చెక్క నిండా మేకుతో గీసిన గురులఘువులు, కొట్టివేతలు, దిద్దుబాట్లు. అన్నీ ఆయన తరగతిలో చెప్పిన ఉదాహరణలే. వేలు పెట్టి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు, తప్పు కోసం.

పాత గీతలు చెమటకు నల్లబడి ఉన్నాయి. చివరి వరుసలో, ఆ పొద్దుటి పాఠం దగ్గర, చెక్క ఇంకా తెల్లగా, పచ్చిగా ఉంది.