పటానికి బొట్టు

మంచి కబురు వచ్చినా సిద్దమ్మకు ముందు గుండెదడే వచ్చేది. కొడుకు మహానందికి కడప కలెక్టరాఫీసులో పటాలు గీసే ఉద్యోగం దొరికిన రోజున కూడా ఆమె అడిగిన మొదటి మాట, "గీసేది తప్పు పోతే ఏం చేస్తారు నాయనా?" అన్నదే.

"చెరిపి మళ్లీ గీస్తాంమా" అని నవ్వాడు వాడు.

ఆమె నమ్మలేదు. సర్కారు వాళ్లు మనుషుల్ని చెరుపుతారు గానీ గీతల్ని చెరపరని ఆమె గట్టి అభిప్రాయం. మొగుడు కాలం చేసినాక ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఈ ఉద్యోగంతోనే కాబట్టి, ఆ దడకు సెలవు కూడా లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడు అది. ఢిల్లీ సభకు ఎన్నికలు వస్తున్నాయి. పాత హద్దులు ఇక చెల్లవని, కర్నూలు వైపు ఓట్లు ఎందాకో, కడప వైపు ఓట్లు ఎందాకో కొత్తగా గీత గీయమని డిప్టీ కలెక్టరు దొర మహానందికి పురమాయించాడు. వాడు మూడు వారాలు మెడ వంచి, గుడ్డ మీద అతికించిన పెద్ద కాగితం మీద నీలం సిరాతో గీత పూర్తిచేశాడు. ఇక మిగిలినవి ఎర్ర చుక్కలు. చుక్క ఉన్న చోట ఓట్ల పెట్టె పెడతారు.

శుక్రవారం పొద్దున్నే నట్టింట్లో పటం పరిచి చూస్తే, సీసాలో ఎర్ర సిరా ఎండిపోయి ఉంది.

"అమా, సిరా తెస్తా. పటం భద్రం. తొక్కొద్దు, దాటొద్దు" అని చెప్పి బజారుకు పోయాడు.

సిద్దమ్మ పటం పక్కన కూర్చుంది. వీధిబడిలో రెండేళ్లు చదివింది కాబట్టి కూడబలుక్కుంటూ ఊళ్ల పేర్లు చదివింది. నీలం గీత జెర్రిపోతులా మెలికలు తిరుగుతూ పోయి, అక్క వాళ్ల కమలాపురాన్ని ఒక పక్కకు, మేనమామ వాళ్ల మైదుకూరును ఇంకో పక్కకు నెట్టేసింది. ఒక్క ఊరి పొలిమేర రాయి జరిపి, పూజ చేయకపోతేనే గొడ్లు చస్తాయి, పిల్లలకు అమ్మవారు పోస్తుంది. ఇక్కడ రెండు జిల్లాల పొలిమేరే జరిగింది. జరిపిన చెయ్యి ఎవరిది? తన కొడుకుది. పైగా శుక్రవారం. పైగా అది పటం. గోడ మీది వెంకటేశ్వరస్వామి పటానికి, లక్ష్మీదేవి పటానికి, ఆఖరికి మొగుడి పటానికి కూడా బొట్టు పెట్టి, నట్టింట్లో పడుకున్న ఇంత పెద్ద పటాన్ని బోసి మొహంతో వదిలేస్తే ఏమన్నా బాగుంటుందా?

కుంకుమ తడిపి, గీత ఎక్కడెక్కడ మలుపు తిరిగితే అక్కడక్కడ ఒక్కో బొట్టు పెట్టింది. మొత్తం పదకొండు. అన్నీ గుండ్రంగా, ఒకే కొలతలో, పెళ్లికూతురికి పెట్టినంత ముచ్చటగా వచ్చాయి.

బొట్లు ఆరీ ఆరకముందే ఆఫీసు బంట్రోతు యూసుఫ్ రొప్పుకుంటూ వచ్చాడు. "సిద్దమ్మక్కా! మహానంది యాడ? దొర పటం తెమ్మంటాండాడు, ఇప్పటికిప్పుడే."

"సిరాకు పోయినాడప్పా. వస్తాడు, కూచో."

"కూచుంటే నా కుర్చీ పోతాది."

"బంట్రోతుకు కుర్చీ యాడిది?"

"అదే చెప్తాండా. లేనిది గూడా పోతాది."

దొరను కాచుకోబెడితే ఏమవుతుందో తలుచుకుని, సిద్దమ్మే పటం చుట్టి వాడి చేతికిచ్చింది.

మహానంది సిరా బుడ్డితో తిరిగి వచ్చి, ఖాళీ నేల చూసి నిలబడిపోయాడు. "పటమేదిమా?"

"యూసుఫ్ తీసకపోయినాడు. భయపడొద్దు, బొట్టు పెట్టే పంపినా."

"ఏం పెట్టి?"

"బొట్టు."

"యాడ?"

"మలుపు మలుపుకూ."

"అమా! మలుపులు యాడుంటాయో తెలుసునా నీకు? మనుషులు లేని చోటుంటాయి!" అంటూ వాడు బుడ్డితో సహా పరుగెత్తాడు.

మధ్యాహ్నానికి పాలిపోయిన మొహంతో తిరిగొచ్చాడు. దొర పటం విప్పి, "భేష్, చుక్కలు కూడా పెట్టేశాడే" అని సంతకం చేసేశాడట. అంతటితో ఊరుకోక, ఈ చోట్లన్నీ తాను గుర్రమెక్కి పోయి స్వయంగా చూసినవేనని పదిమందిలో చెప్పాడట. చుక్కల్లో ఒకటి నల్లమల కొండ నెత్తిన ఉంది. రెండు కుందూ ఏట్లో ఉన్నాయి. ఒకటి నాపరాళ్లు తీసిన గుంతలో, తక్కినవన్నీ కంపచెట్లలో.

"సాయంత్రం రైలుకు పటం మద్రాసుకు పోతాది. ఆడ ఎవడన్నా కనుక్కుంటే దొరకేం కాదు. నా ఉద్యోగం గోవిందా" అన్నాడు.

సిద్దమ్మ ఆలోచన ఉద్యోగం దగ్గర ఆగలేదు. ముందు కొడుకును జైల్లో వేశారు. తర్వాత అండమాను ఓడ ఎక్కించారు. నడిసముద్రంలో ఓడకు చిల్లి పడింది. వాడికి ఈత రాదు. ఓడ మునిగేసరికి ఆమె ఇంట్లో కూర్చోలేకపోయింది. కుంకుమ భరిణె చేతిలో పట్టుకుని ఆఫీసు దారి పట్టింది. వెనకాలే మహానంది "అమా, వద్దుమా" అంటూ వచ్చాడు.

వరండాలో హెడ్ గుమాస్తా జ్ఞానరాజు అడ్డం వచ్చాడు. "ఏమ్మా, యాడికి?"

"అప్పా, ఆ చుక్కలు నావి."

"మెల్లగా, మెల్లగా. దొర సంతకం పడింది. ఇప్పుడవి దొరవి."

"తప్పు గదప్పా!"

"సంతకానికి ముందైతే తప్పు. సంతకమైనాక హుకుం."

ఆమె వినకుండా లోపలికి పోయింది. దొర కోస్తా సర్కారు జిల్లాల మనిషి, మర్యాదస్తుడు. "ఏం కావాలమ్మా?" అన్నాడు. బొట్టు సంగతి ఒప్పుకుందామనే వచ్చింది గానీ, ఆమె నోట్లోంచి భయమే ముందు దూకింది.

"దొరా, ఆ కొండ మీద చిరుతపులి ఉండాది. ఓటేసేటోణ్ని అది తింటే ఆ ఓటు ఎవరికి పోతాది?"

దొర బల్ల మీది పటంలో కొండ కోసం వెతికాడు.

"కుందేట్లో పెట్టె పెట్టినారంట. వానొస్తే ఓట్లన్నీ పెన్నలో పడి నెల్లూరికి పోతాయి. మన ఓట్లతో నెల్లూరోళ్లు గెలుస్తారు సామీ!"

యూసుఫ్ తలపాగా కొసతో నోరు మూసుకున్నాడు.

"నేను... చూశానమ్మా. గుర్రం మీద. అప్పుడు ఏట్లో నీళ్లు లేవు" అన్నాడు దొర.

"ఎండాకాలంలో చూసింటావు సామీ."

దొరకు బయటపడే సందు దొరికింది. "అవునవును, ఎండాకాలమే! కాలం మారింది కనక... కొద్దిగా సవరించవచ్చు."

ఇక సిద్దమ్మ ఆగలేదు. కొంగు తడిపి కొండ మీది బొట్టు తుడిచి, భరిణె తెరిచింది. "ఇదో, మైదుకూరు. మా మేనమామ ఊరు. బావి నీళ్లు తియ్యగుంటాయి, ఓటేసేటోడు సొమ్మసిల్లడు. ఈడ కమలాపురం. రైలు దిగొచ్చు, దొంగలుండరు. ఈడ మా ఆడబిడ్డ ఊరు, పాములు తక్కువ..." ఇలా గండాలు లేని చోట్లు వెతికి వెతికి, పదకొండు బొట్లూ ఊళ్లలోకి చేర్చింది.

దొర అంతా చూసి, "అమ్మా, ఇవన్నీ మీ చుట్టాల ఊళ్లేనా?" అన్నాడు.

"చుట్టాలు లేని ఊర్లో ఓట్ల పెట్టెకు కాపలా ఎవరుంటారు దొరా?"

"ఇంతకీ మీ ఓటు ఏ ఊళ్లో?"

"నాకు ఓటు యాడిది సామీ? ఓటు శిస్తు కట్టేటోళ్లకే గదా, అంత భూమి లేదు మాకు."

దొర ఆ సంగతి వదిలేసి పటం వైపు తిరిగాడు. "మహానందీ, ఎర్ర సిరా ఉందా? ఈ గుర్తుల మీదే చుక్కలు పెట్టు. నేను గుర్రం మీద పోయి చూసింది సరిగ్గా ఈ చోట్లే."

"అవును సార్" అని మహానంది, "నేనూ గుర్రం పక్కనే ఉంటిని సార్" అని జ్ఞానరాజు ఒకేసారి అన్నారు.

మహానంది వంగి కలం ముంచాడు. తొందరలో బుడ్డిని బల్ల అంచునే పెట్టాడు. సిద్దమ్మ కంట అది పడనే పడింది.

"నాయనా, బుడ్డి అంచున ఉండాది. ఒలికిందంటే జిల్లా అంతా ఓట్ల పెట్టెలే!"

ఆ మాటకు దొర ఉలిక్కిపడి, సిరా బుడ్డిని రెండు చేతులతో ఒడిసి పట్టుకున్నాడు. పదకొండో చుక్క పడేదాకా వదల్లేదు.