నిలువు తొమ్మిది

"ఏదో ఒక తప్పు పడే ఉంటుంది. నా మనసు చెబుతోంది."

పేపరింకా గుమ్మంలో పడనే లేదు. అద్దం ముందు తల దువ్వుకుంటున్న కూతురు దువ్వెన ఆపింది. "పేపరు రాకముందే తప్పా? కాస్త వచ్చేదాకా అయినా ఆగమ్మా."

ఆగడం ఆ తల్లికి చేతకాని పని. ఆ రోజు పేపర్లో కూతురు కూర్చిన మొదటి గళ్ళనుడికట్టు వస్తోంది. వారం రోజులు వేసి చూస్తాం, పాఠకులు ఏమంటారో దాన్నిబట్టి ఉంచుకుంటాం అన్నాడు ఆ పేజీ చూసే ఉపసంపాదకుడు. పాఠకులు వందమంది అక్కర్లేదు, ఒక్కరు చాలు. ఆ ఒక్కరూ కింది వాటాలోనే ఉన్నారు. ముప్పయ్యేళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరైన పెద్దాయన. రోజూ పజిల్ నింపడం, అందులో తప్పులు ఏరి ఎర్రసిరాతో కార్డు రాసి పత్రికకి పంపడం ఆయన నిత్యకృత్యం. అందుకే ఆ మేడలో అందరికీ ఆయన ఎర్రసిరాగారు. పాత కూర్పరి ఆ కార్డుల పోరు పడలేకే మానుకున్నాడని చెప్పుకుంటారు.

కూతురు బస్సుకి వెళ్ళాక పేపరు వచ్చింది. తల్లి లోపలి పేజీ తిప్పింది. గళ్ళు ఉన్నాయి. నల్లవి నల్లగా, తెల్లవి తెల్లగా ఉన్నాయి. కింద కూతురి పేరూ ఉంది. అమ్మయ్య అనుకుంది. 'అడ్డం ఒకటి: ఎంత నడిచినా గోడ దిగనిది.' గడియారం! ఏడో తరగతితో బడి మానేసిన తను కూడా విప్పేసిందని మొన్న కూతురు చంకలు గుద్దుకున్న ఆధారం అది. మురిసిపోతూ నిలువు వరుసలోకి దిగింది. ఏడు, ఎనిమిది, పది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఎనిమిది, పది. తొమ్మిది లేదు.

అచ్చువాళ్ళని అనడానికి లేదు. కూతురిది కోడి గెలికినట్టుండే రాత. తనది గుండ్రటి చేతిరాత కాబట్టి ఆధారాలన్నీ సాపు రాసిచ్చింది తనే. సరిగ్గా తొమ్మిది దగ్గర, గ్యాసు కట్టానా లేదా అని అనుమానం వచ్చి లేచింది. కట్టే ఉంది. ఎప్పుడూ కట్టే ఉంటుంది. వచ్చి కూర్చుని పదో ఆధారం నుంచి అందుకుంది.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది. కింది వాటా తలుపు తీసే ఉంది. ఎర్రసిరాగారు కిటికీ దగ్గర బల్ల మీదికి వంగి ఉన్నారు. ఆయన భార్య చొక్కాకి గుండీ కుడుతోంది.

"బాబాయిగారూ, ఒక్క మాట..."

ఆయన తలెత్తలేదు.

"ఇప్పుడు పలకరమ్మా," అంది భార్య. "ఆఖరి గడి నిండేదాకా ఇల్లు కూలినా నోరు విప్పరు. మా పెళ్ళయిన మర్నాడు నేనూ నీలాగే కంగారుపడ్డాను, మూగాయన్ని కట్టబెట్టారేమోనని. కూర్చో."

"కూర్చోలేను పిన్నిగారూ. నా చేతులారా పిల్ల నోటి దగ్గర కూడు లాగేశాను."

"కాలు చూడు ఆయనది. ఊగుతోందా? ఊగితే నచ్చినట్టు. చెవి నలిపారా, ఎవరికో మూడినట్టే."

తల్లి చూసింది. కాలు ఊగుతోంది. ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలో ఆయన చెవి నలుపుకున్నారు. ప్రాణం మళ్ళీ ఎగిరిపోయింది.

ఇక ఆపుకోలేకపోయింది. వంచిన ఆ తలకే చెప్పుకుంది. "తొమ్మిది నిలువు లేదండీ. నేనే ఎగరగొట్టాను. పిల్ల బంగారంలా కూర్చింది, సాపు రాసేటప్పుడు నా పరధ్యానం వల్ల పోయింది. దానికింకా తెలీదు. కార్డు రాస్తే నన్ను తిట్టి రాయండి. నా చేతిరాత చూపిస్తాను, కావాలంటే సంతకం పెట్టి ఇస్తాను. ఆర్నెల్ల నుంచి ఈ గళ్ళే కలవరిస్తోందండీ పిల్ల."

పెన్ను కదులుతూనే ఉంది. పిన్నిగారు దారం కొరికి, ఇంకో గుండీ ఎక్కించింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక తిట్టుకుంటున్నారు. అదీ ఆగిపోయింది. విచిత్రంగా, చెప్పేశాక తల్లి గుండెల మీది బరువు సగం దిగింది. తప్పు తనదని ఒకరికి తెలిసింది. పిల్ల మీద పడదు.

ఆయన పెన్ను మూత పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని గళ్ళన్నీ పై నుంచి కిందికి ఒకసారి చదువుకున్నారు. పిన్నిగారి సూది కూడా ఆగింది.

"అడ్డం ఆరు నృపుడు," అన్నారు చివరికి. "ఏ పజిల్ తెరిచినా ఈయనే. రాజ్యాలు పోయినా ఈయన గళ్ళు ఖాళీ చెయ్యడు. ఆ పదం మానెయ్యమని చెప్పు పిల్లతో. ఇక తొమ్మిది నిలువు. పేపరు తెరవగానే కనబడింది, లేదని. కార్డు తీసి పక్కన పెట్టుకున్నాను కూడా. తీరా చూస్తే తామర, మేళం, చెలిమి, కవిత, నాలుగు అడ్డాలూ తలో అక్షరం ఇచ్చి 'తాళంచెవి' అన్న జవాబు నా చేతిలో పెట్టాయి. ఆధారం లేకుండా పదం తేలిందంటే మిగతా గళ్ళన్నీ నిజం చెప్పినట్టే కదమ్మా. ఇరవయ్యేళ్ళలో ఇంత బిగువైన అల్లిక చూడలేదు. ఈ అమ్మాయిని వదులుకోవద్దని రాస్తున్నాను."