మామ కీ ఇచ్చే గడియారం

సెల్‌ఫోన్ నీళ్లలో పడితే బియ్యం డబ్బాలో పెట్టమని మొదట ఎవడు చెప్పాడో గానీ, నాకు దొరికితే ఊరుకోను. ఆ మాట నమ్మి మల్లికార్జున్ అనే అతను తన కీ గడియారాన్ని నాలుగు రోజులు బియ్యంలో పూడ్చి, ఐదో రోజు స్టేషన్ రోడ్డులోని నా షాపుకు తెచ్చాడు. కూతురు తేజస్వికి ఈత నేర్పుతానని గడియారంతోనే బావిలో దూకాడట. వెనక మూత తీసి చూస్తే లోపలంతా తుప్పు, ఆ తుప్పు మీద తవుడు.

"ఇది గడియారమా, కోళ్ల దాణానా?" అన్నాను. రత్నానికి కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ మార్తమ్మ ముప్పై ఏళ్లుగా ఊరంతా చెబుతూనే ఉంది. నేనెందుకు కాదనాలి?

"ఏమన్న తిట్టు అన్నా. శనివారం మా మామ వస్తాండు. అప్పటికి ఇది నడవాలె."

"లోపలి మిషన్ పోయింది తమ్మీ. వేరే మిషన్ ఎయ్యాలె. బ్యాటరీది ఏస్త, మూడేండ్లు ఫికర్ లేదు."

"దానికి కీ ఇయ్యచ్చా?"

"బ్యాటరీకి కీ ఏంది?"

"అయితే వద్దు."

చెయ్యి ఊపితే నడిచే ఆటోమేటిక్ మిషన్ చూపించాను. అది లావు, పెడితే వెనక మూత పట్టలేదు. పైగా దానికీ రోజూ కీ ఇవ్వాల్సిన పని లేదు. ఈ కాలంలో కీ కోసం ఏడ్చేవాణ్ని మొదటిసారి చూస్తున్నాను.

"ఏందయ్యా నీ కీ గోల?" అని గద్దించాను.

అతను తల దించుకున్నాడు. "పెండ్లిల మామ పెట్టిన గడియారమన్నా ఇది. ఆయన నాతోని రెండు మాటలు ఎక్కువ మాట్లాడడు. వచ్చినప్పుడు మాత్రం నా చెయ్యి దగ్గరికి గుంజుకొని తనే కీ ఇస్తడు. ఆ జరసేపు నాకు పానం మంచిగైతది. బ్యాటరీ ఏసుకుంటె అది పోతది గదా!"

"ఎవరు మీ మామ?"

"వర్ధన్నపేట రామలింగం. వాచ్ పని అంటే మీ దగ్గరికే పోవాలంటడు."

నా చేతిలో పటకారు ఆగిపోయింది. రామలింగన్న నాకు తెలియకపోవడమేమిటి! అల్లుడికి ఒకటి, తనకొకటి ఒకే రకం గడియారాలు కొన్నాడు. ఆరేళ్ల కింద ఆయన దాంట్లో స్ప్రింగు తెగింది. కొత్తది రావడానికి వారం పడుతుందంటే ఆగలేక బ్యాటరీ మిషన్ వేయించుకున్నాడు. "మా అల్లునికి చెప్పకు, నవ్వుతడు" అని నా దగ్గర మాట తీసుకున్నాడు. తర్వాత స్ప్రింగు వచ్చింది. ఆయన పాత మిషన్ బాగుచేసి ఫోన్ చేస్తే, "నీ దగ్గరే ఉంచుకో, ఎవలకన్న పనికొస్తది" అన్నాడు. ఒక చక్రం పన్ను అరిగి, కీ తిప్పేటప్పుడు కాస్త పట్టినట్టవుతుంది తప్ప దానికి ఏ రోగమూ లేదు.

"మీ మామ ఎప్పటిసంది నీ గడియారానికి కీ ఇస్తాండు?" అని అడిగాను.

"ఆరేండ్లయితది."

సరిగ్గా తన దాంట్లో బ్యాటరీ పడ్డప్పటి నుంచే! నాకు నవ్వాగలేదు. సొరుగులోంచి ఆ మిషన్ తీసి వేశాను. మల్లికార్జున్ కీ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, పండగొచ్చినట్టు మొహం పెట్టాడు. "ఎవలదన్నా ఇది?" అన్నాడు.

"ఎవలదైతే నీకేంది? నడుస్తాందా లేదా?" అని కసిరాను. మాటిచ్చాను మరి.

సోమవారం షాపు తెరిచేసరికి మామా అల్లుళ్లిద్దరూ మెట్ల మీద ఉన్నారు. రామలింగన్న నన్ను చూస్తూనే లేచాడు.

"రత్నం, అల్లుని గడియారంల ఉన్నది నా మిషనే. నాలుగు సుట్లు తిప్పంగనే ఆ అరిగిన పన్ను నా ఏలికి తాకింది."

"నేనేం చెప్పలేదన్నా!"

"నువ్వు చెప్పలే. నేనే చెప్పిన, నాది బ్యాటరీది అని."

మల్లికార్జున్ నవ్వలేదు. గడియారం విప్పి మామ ముందు పెట్టాడు. "మీదే గదా మామా, మీరే పెట్టుకోండ్రి. నాకు బ్యాటరీది చాలు."

ముసలాయన ఆ గడియారాన్ని తీసుకుని, అల్లుడి చేతికే మళ్లీ కట్టాడు. కట్టి ఆ చెయ్యి వదలకుండానే కీ తిప్పడం మొదలుపెట్టాడు.

చేతికుండగా కీ ఇస్తే కీ పుల్ల వంగుతుంది. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. "ఇప్పి ఇయ్యి రామలింగన్నా, ఎన్నిసార్లు చెప్పాలె!" అని అరిచాను.

"ఇప్పితే వీని చెయ్యెట్ల పట్టుకుంట?" అన్నాడాయన తలెత్తకుండానే.

మల్లికార్జున్ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. నేను చీపురు తీసుకుని షాపు ఊడ్చుకున్నాను. పుల్ల వంగితే వంగనీ, ఇంకోటి వేస్తాను.