పద్దెనిమిది అడుగుల పరీక్ష

ఎరిజోనా ఎడారిలోని ఆ ట్రెయిలర్ పార్కులో రూలు ఒక్కటే. చక్రాలున్న ఇల్లు ఏడాదికోసారి చక్రాల మీద తన పొడవంత దూరమైనా కదిలి చూపించాలి. కదలకపోతే అది బండి కాదు, కొంప. కొంపలకు అక్కడ చోటు లేదు కాబట్టి మూడు రోజుల్లో వెళ్లిపోవాలి. కదలలేని బండి ఎలా వెళ్లిపోతుందని అడిగితే, అది మీ తలనొప్పి అనేవారు ఆఫీసులో. తలనొప్పి తెచ్చుకున్న ఇద్దరి బండ్లను ఆ మధ్యే ముక్కలు కోయించి పాత ఇనుముకు పంపేశారు.

డార్లీన్ కొపెకీకి డెబ్భై రెండేళ్లు. నెబ్రాస్కాలో నలభై ఏళ్లు ట్రాక్టర్లకు వెల్డింగ్ చేసింది. మొగుడు పోయాక పద్దెనిమిది అడుగుల ట్రెయిలర్‌ను లాక్కుని ఇక్కడికొచ్చి పదకొండేళ్లయింది. ఆ పద్దెనిమిది అడుగులు తప్ప భూమ్మీద ఆమెకు తల దాచుకునే చోటు లేదు.

పార్కులో బండ్లు ముప్పై. దేని కింద దూరినా దరిద్రమే. ఇరుసు మీద బండి బరువు మోసే కమాను కట్టలు తుప్పు పట్టి అప్పడాల్లా విరుగుతుండేవి. వంగని ఇరుసు, విరగని కమాన్లు, గాలి నిలిచే చక్రాలు మొత్తం పార్కుకు ఒక్క జతే ఉండేవి. జనవరిలో తనిఖీ జరిగే వారమంతా ఆ జత ఇల్లిల్లూ తిరిగేది. డార్లీన్ జాకీ పెట్టి బిగించేది, బండి కదిలేది, ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టి కాఫీకి వెళ్లేవాడు, ఈలోపు ఆమె ఊడదీసి పక్కింటికి మోసుకుపోయేది. ఊరంతటికీ ఒకటే పెళ్లిచీర అన్నమాట.

ఇన్‌స్పెక్టర్ వర్జిల్ స్ట్రౌడ్ ఒకప్పుడు స్కూలు బస్సుల మెకానిక్. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని బండి కిందకు జారి, చిన్న సుత్తితో ఛాసిస్ అనే అడుగు చట్రం పొడవునా కొట్టి, చప్పుడు వింటాడు. ముప్పై బండ్ల కమాన్లూ కవల పిల్లల్లా ఉన్నాయని ఆయన ఏటా కాగితం మీద మెచ్చుకునేవాడు. కన్ను చూసింది రాసేవాడు, చూడనిది రాసేవాడు కాదు.

డార్లీన్ వంతు ఎప్పుడూ చివరిదే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఈ ఏడు ఆమె ఛాసిసే పగిలింది. ఇరుసు బిగించే చోటికి కాస్త వెనక, బెత్తెడు చీలిక. వెల్డింగ్ చేయాలంటే ఇంట్లో నేలంతా పీకాలి. అందరి బండ్ల కిందా పడుకునే హడావిడిలో ఆ పని మిగిలిపోయింది. ఎవరికీ చెప్పలేదు కూడా. చెప్పడానికి రోషం.

ఆమెకు ముందు వంతు హోబర్ట్ ప్రూయిట్‌ది. తనను అక్కణ్ణించి కదిపేది శవాల బండి ఒక్కటేనని పద్నాలుగేళ్లుగా అదే కుర్చీలో కూర్చుని చెబుతున్న మనిషి. ఆ రోజు ట్రెయిలర్‌ను తన పికప్ ట్రక్కుకు తగిలించాడు, ఇరవై రెండడుగులూ కదిలించాడు. వర్జిల్ చాలని చెయ్యెత్తాడు. హోబర్ట్ ఆగలేదు. గేటు దాటి, చెయ్యూపుతూ, పార్కుకున్న ఒక్కగానొక్క ఇరుసుతో సహా హైవే ఎక్కేశాడు. ఏడాదిలో ఆ బండికి మంచి ఇరుసుండేది ఆ ఒక్క రోజే, ఆ రోజున ఆయన్ను ఎవరూ తాళ్లతో కట్టేయలేదు మరి. వర్జిల్ తన కాగితం మీద, కదిలింది, ఇంకా కదులుతోంది అని రాసుకున్నాడు. మర్నాడు పొద్దున తొమ్మిదికి డార్లీన్ బండి అని గుర్తు చేసి వెళ్లాడు.

డార్లీన్ హోబర్ట్‌ను నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్లయిపోయాక మిగిలింది భయమే. సాయంత్రం అందరూ ఆమె గుమ్మం ముందు చేరారు. దారి చెప్పింది నార్మా బీస్లీ, ఎనభై ఏళ్ల మాజీ స్కూలు వంటమనిషి. రెండు పైపులు కింద దూర్చి, పల్లకీలా అందరం మోద్దామంది.

“నీ రెండు తుంటి ఎముకలూ మార్పించుకున్నవే కదే,” అంది డార్లీన్.

“అందుకే చెప్తున్నా. ఈ పార్కులో కొత్త పార్టులున్నది నాకొక్కదానికే.”

తొమ్మిదింటికి ముప్పై ఒక్కమంది ముసలివాళ్లు ట్రెయిలర్‌ను పైకెత్తారు. వర్జిల్ వచ్చి చూశాడు. చక్రాలెక్కడని అడగలేదు. తనిఖీ ఎప్పుడైనా కింద నుంచే చేయాలట. పలక మీద పడుకుని, కదులుతున్న ఇంటి కిందకు జారాడు. చుట్టూ అరవై రెండు కాళ్లు. ఒక మోకాలికి పట్టీ ఉందని, కుడివైపు ఎవరో చెప్పులతో వచ్చారని గట్టిగా చదువుతూ రాసుకున్నాడు. సుత్తితో కొట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. ఒకచోట చప్పుడు మారింది. అక్కడ డార్లీన్ వంగి, ఛాసిస్‌కు భుజం ఆనించి నడుస్తోంది.

“ఇది పగిలింది, డార్లీన్.”

“తెలుసు.”

“మరి దేనిమీద నిలబడింది?”

“నా మీద. ఇంకెంత దూరమో చూసి చెప్పు వర్జిల్, నా వల్ల కావట్లేదు.”

అంత మాట ఆమె నోట ఆ పార్కులో ఎవరూ వినలేదు. వర్జిల్ సుత్తి జేబులో పెట్టుకున్నాడు. పడుకున్నచోటే రెండు బూట్లూ పైకెత్తి, చీలికకు అటొకటి ఇటొకటి ఆనించి తన్నిపట్టాడు. బరువు పలక మీద పడింది. పలక చక్రాలు కీచుమన్నాయి, తర్వాత దొర్లడం మొదలెట్టాయి.

“ఇప్పుడు చక్రాల మీద, రూలు ప్రకారమే పోతోంది. నువ్వు భుజం తీసెయ్,” అన్నాడు.

డార్లీన్ తీయలేదు. ఏడుస్తూనే నడిచింది. పద్దెనిమిది అడుగులూ అయ్యాయని ముందు నుంచి నార్మా కేకేసింది. అయినా ఎవరూ దించలేదు, కింద ఇన్‌స్పెక్టరున్నాడు మరి. ఆయనేమో బయటికి రావడం లేదు. వెల్లకిలా పడుకుని, మోకాలికి కాగితం ఆనించి, సంతకం పెడుతున్నాడు.